అరిగిన చుక్కలు

హుస్నాబీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. చిన్నప్పుడు మదర్సాలో నాలుగేళ్లు నేర్చుకున్న ఉర్దూ ఒక్కటే ఆమె చదువు. ఆ తర్వాత ఒడిలోకి బీడీల చాట వచ్చింది, పలక పోయింది. అలాంటి మనిషి పదో తరగతి తెలుగు మీడియం సోషల్ పాఠాలను సొంత చేత్తో రాసిందంటే సిద్దిపేటలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ. నేను చెప్పేది చెబుతాను.

రాసింది కూతురి కోసం. ఫరీహాకు అప్పుడు పదిహేనేళ్లు. ఆరేళ్లప్పుడు తట్టు పోసి చూపు పోయింది. వాడలో అందరికీ తెలిసింది అంతవరకే. జ్వరం వచ్చింది, కళ్లు తీసుకుపోయింది, అల్లా రాత. ఫరీహాకు కూడా అంతే తెలుసు. మిగతాది హుస్నాబీ కడుపులో ఉంది. భర్త నిస్సార్‌కు తెలుసు గానీ అతను ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేదని హుస్నాబీ చాలాసార్లు అనుకుంది.

ఆ మిగతాది ఇది. తట్టు పోసిన పిల్లకు మందు పెట్టకూడదు, పెడితే పొక్కులు లోపలికి పోతాయి. గదిలో చీకటి చేసి, గుమ్మానికి వేపాకు కట్టి, తొమ్మిది రోజులు ఓపిక పట్టాలి. ఆ వాడలో హిందువులకూ ముస్లింలకూ ఇది ఒకటే శాస్త్రం. మూడో రోజుకు పిల్ల కళ్లు పుసి కట్టి అతుక్కుపోయాయి. నిస్సార్ దవాఖానకు పోదామన్నాడు. హుస్నాబీ గుమ్మానికి అడ్డం నిలబడింది. తొమ్మిది రోజులు నిండాక కిటికీ పరదా పక్కకు లాగి, ఎండను లోపలికి రానిచ్చి, తడిగుడ్డతో పిల్ల కళ్లు తుడిచింది. పిల్ల కళ్లు తెరిచి, "పరదా ఎప్పుడు తీస్తవు అమ్మీ?" అని అడిగింది.

వాళ్లింట్లో మాటలు దక్కనీ ఉర్దూలో సాగుతాయి. మీ కోసం తెలుగులో చెబుతున్నాను. ఆ మాట ఏ భాషలో అడిగినా తల్లికి తగిలే దెబ్బ ఒకటే.

ఫరీహాకు అక్షరాలు నేర్పిన సారయ్య సారు కూడా చూపు లేని మనిషే. తెల్లకర్ర తాటించుకుంటూ వారానికి రెండు రోజులు ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజులు ఫరీహా, కాలేజీకి పోయే పక్కింటి వినీత చెయ్యి పట్టుకుని సర్కారు బడికి పోయేది. సారు తెచ్చిన బ్రెయిలీ పలక చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. రెండు రేకుల మధ్య మందపాటి కాగితం బిగించి, కట్టెపిడి ఉన్న సూదితో గళ్లలో చుక్కలు పొడవాలి, అంతే. గడికి ఆరు చుక్కల జాగా. పొడిచేది కాగితం వెనుక వైపు, చుక్కలు ఉబికేది ముందు వైపు. అందుకని రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు పోవాలి. తిప్పి తడిమితే ఎడమ నుంచి కుడికి వస్తుంది.

"కండ్లున్న టీచర్లు అందరు గీడనే బోర్ల పడుతరమ్మా" అని సారయ్య సారు నవ్వేవాడు.

పక్కన బీడీలు చుడుతూ వింటున్న హుస్నాబీకి ఇందులో బోర్ల పడేంత ఏముందో అర్థం కాలేదు. ఆమెకు తెలిసిన రాత ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే పోతుంది. పైగా ఈ చుక్కలు శబ్దాన్ని బట్టి నడుస్తాయి. కా అంటే తెలుగులోనూ అదే, ఉర్దూలోనూ అదే. మూడేళ్లు విన్నది. ఒకనాడు కూతురి పలక ఒళ్లో పెట్టుకుని నాలుగు గళ్లు పొడిచి కాగితం ఇచ్చింది. ఫరీహా తడిమి చూసి, "నా పేరు ఎవరు రాసిన్రు?" అంది. తల్లి రాసిందంటే చాలాసేపు నమ్మలేదు.

చదవడం మాత్రం హుస్నాబీ వేళ్లకు రాలేదు. ఇరవై ఏళ్లు తునికాకు కత్తిరించి, దారం చుట్టి కాయలు కాచిన వేళ్లవి. ఉబికిన చుక్కలన్నీ ఆ వేళ్లకు ఒకటే గరుకు.

ఇక నిస్సార్ సంగతి. చౌరస్తా దగ్గర చిన్న డబ్బాలో స్టవ్వులు బాగుచేస్తాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. హైదరాబాద్‌లో చూపులేని ఆడపిల్లలకు ఒక హాస్టల్ ఉందనీ, పది పాసై వస్తే కంప్యూటర్, ఫోన్ ఆపరేటర్ పని నేర్పుతారనీ సారయ్య సారు చెప్పినప్పటి నుంచి అతనికి నిద్ర పట్టలేదు. చివరికి ఒక మాట తేల్చాడు. "ఈ ఒక్క ఏడు చూస్త. మార్చిల పాసైతే పంపిస్త. కాకుంటే ఇంట్లనే ఉంటది, బీడీలు చుట్టుకుంటది. మల్ల నన్ను అడగొద్దు."

హుస్నాబీ ఆ మార్చిని పట్టుకుంది. కళ్లు పోగొట్టింది నేను, చదువు కూడా పోనిస్తే నేనేం తల్లిని అని ఆమె బాధ. ఎవరికీ చెప్పుకోలేని బాధ చేతుల్లోకి దిగుతుందంటారు. ఆమెకు అదే అయింది.

ఎందుకంటే ఆ సెప్టెంబర్‌లోనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో పడుకున్నాయి, ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ అయ్యి రోడ్డు మీద చాపలు నిండాయి. హైదరాబాద్ నుంచి రావాల్సిన బ్రెయిలీ పుస్తకాల్లో సోషల్ రాలేదు. ఇప్పట్లో వచ్చే దారీ లేదు. సారయ్య సారు ఆఖరిసారి వచ్చినప్పుడు గడపలోనే నిలబడ్డాడు.

"నేను గూడ సమ్మెల ఉన్ననమ్మా. ఊరంత కూసున్నంక నేనొక్కన్ని పని చేస్తే ఎట్లుంటది చెప్పు. పాత బస్టాండు కాడ టెంటుల ఉంట. పిల్లకు వినీత సదివి వినిపిస్తది. కానీ ఒక్కటి యాదుంచుకో, విన్నది మూడు రోజులకు పోతది, వేలి కింద ఉన్నది పోదు."

వేలి కింద ఉన్నది పోదు. ఆ మాట హుస్నాబీ మనసులో నాటుకుపోయింది. మర్నాడే పలక ముందేసుకుని కూర్చుంది.

వినీతకు కాలేజీ లేదు, పని లేదు. హుస్నాబీని పిన్ని వరసలో ఖాలా అంటుంది. పుస్తకం పట్టుకుని చదవమంటే సంతోషంగా ఒప్పుకుంది. కాగితమే దొరకలేదు. మామూలు కాగితం సూదికి చినిగిపోతుంది. చివరికి వినీత తల్లి యాదవ్వ తన తమ్ముడు గజేందర్ బుక్‌స్టాల్ నుంచి మిగిలిపోయిన క్యాలెండర్ల కట్ట మోయించుకొచ్చింది. నిరుడు అచ్చు వేయిస్తే సగం మిగిలాయట. మందపాటి నున్నటి షీటు మీద వర్గల్ సరస్వతి అమ్మవారి పటం, కింద తారీఖుల బొత్తి. బొత్తి పీకేస్తే మంచి కాగితం.

హుస్నాబీ సూది పట్టుకుని ఆగిపోయింది. "మీ దేవుని పటం మీద పొడుసుడు తప్పు గదా వదినె."

యాదవ్వ షీటు బోర్లా తిప్పి పెట్టింది. "ఎన్క దిక్కు పొడువు. సదువుల తల్లినాయె, పిల్ల సదువుకే గదా. ఏమనది."

అలా అమ్మవారి వీపు మీద పొడిస్తే చుక్కలు ఆమె చీర మీద, వీణ మీద, హంస మీద ఉబికాయి. ఫరీహా వేళ్లు ఆ బొమ్మ మీదుగా నడుస్తూ దక్కన్ పీఠభూమిని చదివేవి. ఆ పిల్లకు బొమ్మ సంగతి చెబితే, "ఏ పాఠం ఆమె ముఖం మీద వచ్చింది?" అని అడిగి తెలుసుకుంది.

పని ఎలా సాగేదంటే, అరుగు మీద వినీత చదువుతుంది, హుస్నాబీ విన్నది విన్నట్టు పొడుస్తుంది. రుతుపవనాలు, ద్వీపకల్పం, పరీవాహక ప్రాంతం. ఈ పుస్తకాల తెలుగు ఆమెకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. ఎక్కకపోయినా చెవిలో పడింది చేతిలోంచి దిగిపోయేది. చెయ్యి ఎప్పుడూ చెవికి నాలుగు మాటలు వెనకే ఉండేది గనుక ఆగి ఆలోచించే తీరిక లేదు. నదుల పాఠం చదువుతూ వినీత మధ్యలో, "అవ్వా, పాలు పొంగుతున్నయి సూడు" అని పక్కింట్లోని తల్లికి కేక వేసింది. అదీ దిగిపోయింది. గోదావరి పొంగగా లేనిది పాలు పొంగితే తప్పేమిటి, పుస్తకాల్లో ఏముంటుందో ఆమెకేం తెలుసు. వీధిలో ఊరేగింపు పోతే జై తెలంగాణ కూడా రెండుసార్లు దిగింది.

సూది మొన అరిగిపోయిన రోజు నిస్సార్ గొణుక్కుంటూనే స్టవ్వు పిన్ను ఒకటి సానబట్టి కట్టెపిడికి బిగించి ఇచ్చాడు. "నేనేం ఒప్పుకున్నట్టు కాదు" అన్నాడు ఇచ్చేటప్పుడు.

ఒక మధ్యాహ్నం వినీత రాలేదు. మహిళా సంఘంతో ర్యాలీకి పోయింది. ఫరీహా లోపల పడుకుంది. హుస్నాబీ ముందు పలకలో కాగితం బిగించి ఉంది, చెవిలో పాఠం లేదు, చెయ్యి ఊరికే ఉండలేదు. ఏం పొడుస్తోందో తెలిసే పొడిచింది. బేటా, నీ కండ్లు జ్వరం తీసుకపోలేదు. మీ అబ్బా దవాఖానకు పోదామన్నడు. నేను గుమ్మానికి అడ్డం నిలవడ్డ. పరదా వేసింది నేను. తొమ్మిదేళ్ల నుంచి నీకు చెప్పాలనుకుంటున్న, నాకు నోరు రాలేదు. అలా షీటు మూడొంతులు నిండింది. పొడిచినంతసేపు ఏడ్చింది. అయ్యాక కొంచెం తేలికపడింది.

చూపించడానికి రాసింది కాదది. ఆ పటం ఉన్న కాగితాన్ని పొయ్యిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. అల్లా పేరున్న కాగితమైనా, దేవుడి బొమ్మ ఉన్న కాగితమైనా నీళ్లలో కలపాలి గానీ కాల్చకూడదు, అది ఆ ఇంటి పద్ధతి. సాయంత్రం తునికాకు నానబెట్టే తొట్టిలో నానేసి, పిసికి ముద్ద చేసి, జామచెట్టు మొదట్లో పోసింది. పనిలో పనిగా మిగతా షీట్లన్నీ ఒక చోట పెట్టి బీడీల దారంతోనే కుట్టేసింది. అలవాటు కొద్దీ ఉర్దూ కితాబులా కుడివైపు కుట్టింది. ఫరీహా నవ్వి, కుట్లు విప్పించి మళ్లీ ఎడమవైపు కుట్టించింది.

ఆ తర్వాత ఫరీహా తీరు కొంచెం మారింది. రెండు రోజులు సరిగ్గా తినలేదు. కడుపునొప్పి అంది. ఎప్పుడు చూసినా అరుగు మీద ఆ నదుల పాఠమే ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"ఎప్పుడు సూడు అదే పాఠమేంది బేటా?" అని హుస్నాబీ అడిగింది.

"అది కష్టంగుంది అమ్మీ" అంది ఫరీహా.

ఆరు పాఠాలు అయ్యాక హుస్నాబీకి భయం పట్టుకుంది. రాసింది సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్లెవరు? తప్పులు నేర్చుకుని పిల్ల పరీక్షలో తప్పితే నిస్సార్ మాట మీద నిలబడతాడు. సారు ఇంటికి రాడు గానీ, టెంటు దగ్గరికి పుస్తకం తీసుకుపోతే సమ్మె విరిచినట్టు కాదు గదా అని వినీత ఉపాయం చెప్పింది. ఫరీహాను కూడా రమ్మంటే రానంది.

"నువ్వే పో అమ్మీ. సారుకు మొత్తం సూపియ్యి. నదుల పాఠం మర్చిపోకు."

ఆ రోజు పాత బస్టాండు దగ్గర వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి ఉద్యోగుల సంఘాలు, కుల సంఘాలు వంట చేస్తున్నాయి. యాదవ్వ పెద్ద గంజులో పప్పు తిప్పుతోంది. పొగలోంచి దారి చేసుకుని వినీత, హుస్నాబీ టెంటులోకి పోయారు. సారయ్య సారు చాప అంచున కూర్చుని ఉన్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టగానే అతని ముఖం వెలిగింది.

"ఏ కాగితమమ్మా ఇది, నున్నగున్నది."

"వర్గల్ సరస్వతి, సారు" అంది వినీత.

సారు బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. పనిలేక కూర్చున్న గుమాస్తాలు, పంతుళ్లు చుట్టూ మూగారు. గోదావరి నాసిక్ దగ్గర పుట్టింది. తూర్పుకు తిరిగింది. అవ్వా పాలు పొంగుతున్నయి సూడు. టెంటంతా గొల్లుమంది. వినీత ముఖం కొంగులో దాచుకుంది. సారు ఇంకో వరుస చదివితే మంజీర పక్కన జై తెలంగాణ వచ్చింది. వెనక నుంచి ఒక పంతులు, "అసలు పుస్తకంల లేనిది గీ పుస్తకంల ఉన్నది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. హుస్నాబీకి ఏం తప్పు జరిగిందో పూర్తిగా అర్థం కాకపోయినా, సారు నవ్వుతున్నాడు గనుక తానూ నవ్వింది.

సారు పేజీ తిప్పాడు. "బేటా, నీ కండ్లు" అని చదివి ఆగిపోయాడు.

సారు వేళ్లు మాత్రం ఆగలేదు. అతను పెదవులు మూసుకున్నా, అవి పేజీ అడుగుదాకా నడిచాయి. చుట్టూ ఉన్నవాళ్లు తర్వాత ఏమిటని అడిగితే, "ఇగ అయిపోయిందిలే, పోయి పప్పుల ఉప్పు సూడున్రి" అని అందరినీ పంపేశాడు. వినీతను మంచినీళ్లు తెమ్మన్నాడు. ఇద్దరే మిగిలాక గొంతు తగ్గించాడు.

"ఈ పేజీ పాఠంలది కాదమ్మా."

"తొట్టిల నానేసిన సారు. నా చేతుల్తోని పిసికిన."

"నువ్వు నీళ్లల్ల కలిపింది గోదావరి రెండో పేజీని. అన్ని షీట్లు ఒక్క తీరే ఉన్నయి గదా, తప్పు తీసినవు."

హుస్నాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది తీసేద్దాం సారు. మీ కాళ్లు మొక్కుత. పిల్ల ఇంకా దీన్ని చదవలేదు. చదివితే నన్ను అడగకుంట ఉంటదా?"

సారయ్య సారు ముందు పేజీ ఒకసారి తడిమాడు, ఆ పేజీ తడిమాడు, మళ్లీ ముందు పేజీకి వచ్చాడు.

"చుక్క కొత్తగున్నప్పుడు వేలికి గుచ్చుకుంటదమ్మా. చదివిన కొద్ది కుంగుతది. నీ పుస్తకంల అన్ని పేజీలు ఇంకా గుచ్చుకుంటున్నయి. ఇదొక్కటే అరిగింది. కొన్ని అక్షరాలు నాకే దొరుకుతలేవు."

హుస్నాబీ ఏడ్వలేదు. కూతురు తిననని కంచం పక్కకు జరిపిన రెండు రోజులు ఆమెకు కళ్లముందు కనిపించాయి. అరుగు మీద వంగిన తల, ఒళ్లో అదే పాఠం. పక్కనే కూర్చుని తాను బీడీలు చుట్టింది. కష్టంగుంది అమ్మీ అంటే నిజంగానే పాఠం అనుకుంది.

"కింద రెండు వరుసలు వేరే చెయ్యి" అన్నాడు సారు. "నువ్వు గట్టిగ పొడుస్తవు. గిది అల్కగ పొడిచిన చెయ్యి, కొత్తగున్నది. అమ్మీ అని ఉన్నకాడనే నేను వేలు తీసేసిన, చదవలేదు."

"చదివి చెప్పున్రి సారు."

"నీకు వచ్చిన ఉత్తరం నేనెట్ల చదువుతనమ్మా?"

"నాకు వేళ్లతోని రాదు."

"ఎన్కకు తిప్పు. గుంతలు కనవడుతయి. నువ్వు రాసినట్టే కుడి నుంచి చూసుకుంట పో. నీకు కండ్లున్నయి గదా." పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు. "పాలు పొంగినకాడ, ఊరేగింపుకాడ దిద్దుకోమను. మిగతదంత మంచిగున్నది. గోదావరిల పోయిన పేజీ మల్ల రాయి. ఇంక ఐదు పాఠాలున్నయి, ఆపకు."

హుస్నాబీ టెంటులోంచి బయటికి వచ్చి, బంద్ కోసం షట్టర్ దించిన ఒక బట్టల దుకాణం మెట్టు మీద కూర్చుంది. పేజీ వెనక్కి తిప్పింది. తన చెయ్యి పొడిచిన లోతైన గుంతల కింద, చిన్న చిన్న గుంతలు రెండు వరుసలు ఉన్నాయి. కుడి నుంచి ఒక్కో గడి మీద గోరు పెట్టి, శబ్దం కూడబలుక్కుంటూ చదివింది. మదర్సాలో మొదటిసారి అక్షరాల కాయిదా చదివినప్పుడు కూడా అంత మెల్లగా చదవలేదు. యాదవ్వ పప్పు దించేసి జనానికి వడ్డిస్తున్నా ఆమె ఇంకా అక్కడే ఉంది.

అమ్మీ, చానాసార్లు చదివిన. ఈ పాఠం పరీక్షల రాదు. తర్వాతి పాఠం రాయి.

అప్పుడు ఏడ్చింది. పొయ్యిల పొగ ఉంది గనుక ఎవరూ అడగలేదు.

ఇంటికి పోయేసరికి ఫరీహా అరుగు మీద కూర్చుని ఉంది. పలకలో కొత్త షీటు బిగించి, స్టవ్వు పిన్ను సూది దాని మీద పెట్టి ఉంచింది. తల్లి అడుగుల చప్పుడు విని తల తిప్పింది.

"సారు చదివిండా?"

"చదివిండు."

"మొత్తమా?"

"లేదు" అంది హుస్నాబీ. "ఆఖరి రెండు వరుసలు నేనే చదివిన."

ఫరీహా చెయ్యి చాపి తల్లి చెయ్యి వెతుక్కుంది, ఆ కాయలు కాచిన వేళ్లను తన బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది, తర్వాత సూది తీసి అందులో పెట్టింది.

"అయితే వినీతను పిలు అమ్మీ. ముందుగాల గోదావరి."